సున్నా రాయాల్సిన చోట నాలుగు

2011 మే నెల. శంషాబాద్‌లో బెంగుళూరు హైవే పక్కన ముప్పై పడకల ప్రైవేటు ఆసుపత్రి. అందులో మెట్ల కింద ఇరుకు గదిలో ల్యాబ్. నేను అక్కడ టెక్నీషియన్‌ని. ఆసుపత్రి బోర్డు మీద డాక్టర్ల పేర్లుండేవి, మందుల షాపు పేరుండేది, అంబులెన్స్ నంబరు కూడా ఉండేది. పదకొండేళ్ల అనుభవమున్న నా పేరు మాత్రం లేదు. దీని గురించి యాజమాన్యానికి రెండుసార్లు రాసిచ్చాను. ఆ రెండు కాగితాల నకళ్లూ, అవి అందినట్టు పెట్టించుకున్న సంతకాలూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

మాది తెనాలి దగ్గర పల్లె. నా "అండీ"లను అనుకరించి నవ్వినవాళ్లెవరో, పేరు పెట్టి పిలవకుండా "బ్లడ్ మేడమ్" అన్నవాళ్లెవరో నాకు గుర్తే. మాట పడితే మరిచిపోయే మనిషిని కాను. ఈ కేసు చెప్పాలంటే ఆ సంగతి మీకు ముందే తెలియాలి.

ఆ రోజు మధ్యాహ్నం కొత్వాల్‌గూడ నుంచి యాదమ్మ అనే ఆవిడను భర్త నర్సింహ బండి మీద తీసుకొచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. విమానాశ్రయం టర్మినల్‌లో నేల తుడిచే పని, కాంట్రాక్టర్ కింద. రెండు రోజులుగా వాంతులు, నిలబడితే కళ్లు తిరగడం. డ్యూటీ డాక్టరు చిన్న వయసువాడు. జ్వరం చూశాడు, లేదు. బీపీ చూశాడు, పై అంకె ఎనభై నాలుగే. "ఎండదెబ్బ. ఒక సెలైన్ ఎక్కించి పంపించేద్దాం, సీబీపీ ఒకటి చేయండి" అన్నాడు.

సీబీపీ అంటే రక్తంలోని కణాలన్నిటి లెక్క. రక్తం తీయడానికి వెళ్లాను. చేతులు సన్నగా పుల్లల్లా ఉన్నాయి, ముఖం మాత్రం గుండ్రంగా నున్నగా మెరుస్తోంది.

"ముఖం వాచిందా అమ్మా?" అన్నాను.

నర్సింహ నవ్వాడు. "వాపు కాదు మేడమ్. ఎయిర్‌పోర్టుల ఏసీ గాలి పడ్డది మా ఇంటిదానికి. మొఖం బూరె లెక్క పొంగింది. ఊరంత గిదే ముచ్చట."

"నువ్వు ఊకో జర," అంది యాదమ్మ కళ్లు మూసుకునే. "నా మొఖం మీద పడ్డయి అందరి కండ్లు."

ల్యాబ్‌కి వచ్చి మెషిన్‌లో పెట్టాను. మొత్తం తెల్లకణాలు తొమ్మిది వేల ఆరు వందలు. పదకొండు వేలలోపు ఉంటే నార్మల్ అంటారు. ఆ కాగితం అంతటితో పంపేస్తే నన్నెవరూ ఏమీ అనరు. కానీ మా మెషిన్ పాతది. తెల్లకణాలను మూడు గుంపులు చేసి చూపిస్తుంది తప్ప, ఏ గుంపులో ఏముందో చెప్పలేదు. అది తెలియాలంటే రక్తపు చుక్కను గాజు పలక మీద పల్చగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద వంద కణాలను రకాల వారీగా లెక్కపెట్టాలి. దాన్నే డిఫరెన్షియల్ కౌంట్ అంటాం. ఆ మధ్యాహ్నం తీరిక ఉంది కాబట్టి కూర్చున్నాను.



ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడితే ముందు పరుగెత్తేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు. పోరాటం పెద్దదైతే ఉన్నవి చాలవు. అప్పుడు ఎముకల్లోని మూలుగ ఇంకా పక్వానికి రాని పిల్ల కణాలను కూడా బయటికి తోలుతుంది. వాటిని బ్యాండ్ కణాలంటాం. యాదమ్మ రక్తంలో ఎటు చూసినా అవే. ఉన్న న్యూట్రోఫిల్స్ నిండా ముదురు రంగు గింజలు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో తలపడుతున్న కణాలు అలా కనిపిస్తాయి. ఇక ఇసినోఫిల్స్. నారింజ రంగు గింజలుండే ఈ కణాలు మా ప్రాంతపు రక్తంలో పుష్కలం. దుమ్ముకి, అలర్జీకి, కడుపులో నులిపురుగులకి పెరుగుతాయి. నాలుగో ఆరో లేని మనిషి అరుదు. ఈమెకు వందలో ఒక్కటి లేదు. ఇంకో వంద చూశాను. ఒక్కటి లేదు.

ఒంటి మీద పెద్ద ఒత్తిడి పడినప్పుడు కిడ్నీల పైనున్న చిన్న గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను వదులుతాయి. అది పెరిగితే ఇసినోఫిల్స్ రక్తంలోంచి మాయమవుతాయి. స్టెరాయిడ్ మాత్రలు మింగినా అంతే, ఎందుకంటే అవి కార్టిసాల్‌కి నకళ్లు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ కూడా నేరుగా వాటిని తుడిచేస్తుంది. వీటిలో ఏదైనా, ఇది ఎండదెబ్బ రక్తం కాదు.

రిపోర్టు మీద ఇదంతా రాసి నేనే పట్టుకెళ్లాను. డాక్టరు దాన్ని చదివి, నర్సింహ ఇంటి నుంచి తెచ్చిన పాత రిపోర్టు పక్కన పెట్టాడు. మూడు వారాల కిందట కాంట్రాక్టర్ తన పనివాళ్లందరినీ హెల్త్ చెకప్‌కి మా దగ్గరికే పంపాడు. ఆ రోజు ఇచ్చిన రిపోర్టు అది.

"అప్పుడు ఇసినోఫిల్స్ నాలుగు, అంతా నార్మల్. ఇప్పుడు సున్నానా? రెండూ మీ ల్యాబే ఇచ్చింది. ఏది నిజమో ముందు మీరు తేల్చుకోండి."

"ఇవాళ్టిది నేను స్వయంగా చూశానండీ. రెండు వందలు లెక్కపెట్టాను. లోపల ఎక్కడో పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉంది."

"జ్వరం లేదు, వాపు లేదు, నొప్పి లేదు, కౌంట్ నార్మల్. ఇన్‌ఫెక్షన్ ఎక్కడుంది, మీ మైక్రోస్కోపులోనా?" ఇద్దరు నర్సులు వింటుండగా అన్నాడు. "మీరు రక్తం తీయండి చాలు. వైద్యం మేం చేస్తాం."

ఆ మాట అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ రాశాను.

పాత రిపోర్టు నాకు అయోమయమనిపించలేదు. మా వృత్తిలో ఒక చెడ్డ అలవాటుంది. బయటివాళ్లకు తెలియదు. జనం ఎక్కువై తీరిక లేనప్పుడు, ఆరోగ్యంగా కనిపించేవాళ్ల స్లైడు చూడకుండానే అరవై రెండు, ముప్పై రెండు, నాలుగు, రెండు అని ఆయా గళ్లలో నింపేస్తారు. కూడితే వంద. ఎవరికీ అనుమానం రాదు. చెకప్ రోజు నాతో పాటు ఒక పార్ట్‌టైం టెక్నీషియన్ పనిచేశాడు. ఇది అతని నిర్వాకమేనని ఆ క్షణంలోనే తీర్మానించుకున్నాను. రిపోర్టు మీద ల్యాబ్ ముద్ర తప్ప సంతకం ఉండదు. ఎవరు చేశారో రిజిస్టర్‌లోనే తెలుస్తుంది.

యాదమ్మ మంచం దగ్గరికి వెళ్లాను. సెలైన్ సగం అయింది. ఇంకో అరగంటలో ఇంటికి పంపేస్తారు.

"ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?"

"ఏం మందులక్కా? మోకాళ్ల నొప్పులకు గోళీలు ఏసుకుంట, గంతే."

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయిన దసర కాడికెంచి. మా ఊళ్లకొచ్చే ఆర్‌ఎంపీ ఇస్తడు. గవి ఏసుకుంటె గుర్రం లెక్క ఉరుకుత. ఏసుకోకుంటె మంచం దిగ. రెండు దినాల సంది అన్నీ కక్కుడే, గోళీ కడుపుల నిలుస్తలేదు."

"చూపించండి."

కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తీసింది. పేరూ ఊరూ లేని మూడు రకాల మాత్రలు. అందులో ఒకటి కందిగింజంత తెల్లటిది, ఆర్‌ఎంపీలు నొప్పులకిచ్చే పొట్లాల్లో నేను చాలాసార్లు చూసిన స్టెరాయిడ్ మాత్ర. దాన్ని చూడగానే ఆవిడ ముఖం ఎందుకు పొంగిందో అర్థమైంది. ఏడు నెలలుగా రోజూ స్టెరాయిడ్ మింగుతోంది, అలా మింగితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. ఊరంతా ఏసీ గాలి అని నవ్విన ఆ పొంగు ఈ మాత్రది.

"ఈ మధ్య దెబ్బేమైనా తగిలిందా?"

"దెబ్బ గాదక్కా. పది దినాలైతంది, సామాన్ల ట్రాలీ చక్రం కాలెక్కింది. ఏం నొప్పి లేదు. చెప్తె డ్యూటీల కెంచి తీసేస్తరని చెప్పలే."

ఎడమ కాలి బొటనవేలికి గుడ్డపీలిక కట్టి ఉంది.

డ్యూటీ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. ఇంకో పది నిమిషాల్లో అయిదు, పెద్ద డాక్టరు గారు వచ్చే వేళ. గేటు దగ్గర నిలబడి, కారు ఆగగానే స్లైడు రిపోర్టూ మాత్రల పొట్లమూ ఆయన చేతిలో పెట్టాను. కింది ఉద్యోగులు అలా చేయకూడదని మా ఆసుపత్రి రూలు. ఆయన కోప్పడలేదు.

"ఇసినోఫిల్స్ సున్నా? ఎన్ని లెక్కపెట్టావమ్మా?"

"రెండు వందలండీ."

ఆయన బ్యాగు కారులోనే వదిలేసి లోపలికి నడిచారు. వేలికి కట్టిన గుడ్డ తానే విప్పారు. పైకి చిన్న గాయం, చుట్టూ ఎరుపు కూడా లేదు. అరికాలిని మడమ నుంచి వేళ్ల వైపుకి తన చేతి బొటనవేలితో నొక్కారు. గాయంలోంచి చీము ధారగా వచ్చింది. నర్సింహ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడకు జారగిలబడిపోయాడు. ఇంత చీము కాలిలో పెట్టుకుని ఆవిడ టర్మినల్ నేల తుడిచింది. యాదమ్మ మాత్రం, "నాదేనా గది?" అని అడిగింది, పక్కవాళ్ల కాలు చూసినట్టు.

"జ్వరం తెచ్చుకునే శక్తి కూడా ఈమెకు మిగల్లేదు డాక్టర్," అన్నారు పెద్దాయన, వెనకే వచ్చి నిలబడ్డ డ్యూటీ డాక్టరుతో.

జ్వరం, ఎరుపు, వాపు, నొప్పి, వీటినే మనం రోగమనుకుంటాం. నిజానికి ఎక్కువ భాగం మన ఒంటి పోరాటమే. ఆ పోరాటానికే ఇన్‌ఫ్లమేషన్ అని పేరు. స్టెరాయిడ్ దాన్ని ఆర్పేస్తుంది. అందుకే మోకాళ్ల నొప్పి తగ్గింది. అందుకే కాలు కుళ్లుతున్నా నొప్పి పెట్టలేదు. ఇంకో సంగతి ఉంది. నెలల తరబడి మాత్రలు బయటి నుంచి వస్తుంటే సొంత గ్రంథులు పని మానేస్తాయి. రెండు రోజులు మాత్ర కడుపులో నిలవకపోయేసరికి, ఇంత ఇన్‌ఫెక్షన్‌కి కావలసిన కార్టిసాల్ ఒంట్లో లేకుండా పోయింది. బీపీ పడిపోయింది అందుకే. పెద్దాయన యాంటీబయాటిక్‌తో పాటు ముందుగా ఇప్పించింది స్టెరాయిడ్ ఇంజెక్షనే. ముంచిన మందుతోనే తేల్చాల్సి వచ్చింది. తర్వాత అంబులెన్స్‌లో నగరంలోని పెద్దాసుపత్రికి పంపారు. బతుకుతుందని ఆయన అనలేదు.

డ్యూటీ డాక్టరు నాకు ఒక్క మాట చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. డాక్టరు అన్న మాట, విన్న నర్సుల పేర్లు, టైము, అన్నీ వేశాను. రెండో పేరా పార్ట్‌టైం టెక్నీషియన్ మీద. రుజువు జతచేద్దామని చెకప్ రోజు రిజిస్టర్ తీశాను.

యాదమ్మ, కొత్వాల్‌గూడ. అరవై రెండు, ముప్పై రెండు, నాలుగు, రెండు. పక్కన పొట్టి సంతకం. నాది.

ఆ రోజు నలభై మందికి పైగా వచ్చారు. స్లైడులన్నీ చేశాం, రంగు వేశాం, పెట్టెలో సర్దేశాం. చూశాననే అనుకున్నాను. లేచి పెట్టె వెతికితే ఆమె నంబరు స్లైడు దొరికింది. మైక్రోస్కోపు కింద పెట్టి వంద లెక్కపెట్టాను, ఇంకో వంద లెక్కపెట్టాను. బ్యాండ్ కణాలు లేవు. ఇసినోఫిల్స్ కూడా లేవు. ఆ రోజు సున్నా అని రాసి ఉంటే ఎవరో ఒకరు మాత్రల గురించి అడిగేవారేమో. అప్పటికింకా ట్రాలీ ఆమె కాలెక్కలేదు.

రెండో పేరా కొట్టేసి నా పేరుతో రాశాను. యాజమాన్యం పిలిపించింది. "ఇది బయటికెళ్తే కాంట్రాక్టర్ మనుషుల్ని పంపడు. డాక్టరు సంగతి ఉంచండి, మీ సంగతి తీసేసి ఇవ్వండి" అన్నారు. తీయలేదు. ఆ కాగితానికీ జవాబు రాలేదు.

ఆగస్టులో యాదమ్మ వచ్చింది, కర్ర ఊతంతో. బొటనవేలు తీసేశారు. పొంగు పోయి ముఖం గుంజుకుపోయింది. మొదటిసారి ఆమె అసలు ముఖం చూశాను. నర్సింహ సంచిలోంచి సీతాఫలాలు తీసి నా బల్ల మీద పెట్టాడు.

"నువ్వు గేటు కాడ నిలవడకుంటె ఇయ్యాల ఇది లేకుండె మేడమ్."

ఆ పళ్లు నేను ముట్టుకోలేకపోయాను. చెకప్ రోజు సంగతి చెప్పేశాను. స్లైడు చూడకుండా రాశానని, చూసి ఉంటే వేలు మిగిలేదేమోనని.

"గా దినం గంత మంది ఉండిరి గదా, ఒక్కదానివి నువ్వేం జేస్తవ్," అన్నాడు నర్సింహ.

"నువ్వు ఊకో," అంది యాదమ్మ. నా వైపు తిరిగింది. "దినాం ఎంతమంది తొక్కుతరక్కా నేను తుడిసే నేల. మంది ఎక్కువైండ్రని ఓ మూల ఇడిసిపెడితె మా సూపర్‌వైజర్ ఊకుంటడా?"

రిజిస్టర్‌లో నా సంతకమున్న పేజీ తీసి ఆమె ముందు పెట్టాను.

"నువ్వు సూసినవ్, బతికిన. గా దినం సూడలే, ఏలు పోయింది. రెండూ యాదికుంటయి నాకు." కుర్చీలో కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని నా ముందు చాపింది. "ఇగ తియ్యి నెత్తురు. ఈపాలి సూసి రాయి."

ఆ రోజు వందలో మూడు ఇసినోఫిల్స్ కనిపించాయి. మళ్లీ లెక్కపెట్టాను. మూడే. తర్వాత ఇన్నేళ్లలో నా చేత్తో ఎన్నోసార్లు నాలుగు రాశాను. అవన్నీ లెక్కపెట్టిన నాలుగులే.