జడ్జిగారి గేటు ముందు పడుగు

ఆ రోజుల్లో నాకు రాజ్యాంగం మీద ఉన్నంత నమ్మకం మా అవ్వకు మంత్రాలయం స్వామి మీద కూడా ఉండేది కాదు. అప్పుడే లా ముగించి, ఆదోనిలో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. పందొమ్మిదో అధికరణంలో మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చిన మొదటి ఖండాన్ని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. ఆ స్వేచ్ఛకు హద్దులు చెప్పే రెండో ఖండం ఒకటుందని తెలుసు గానీ (పరీక్షకు రాదని హాస్టల్లో ఒక అక్క అభయమిచ్చింది) దాని జోలికి పోలేదు. పోయి ఉంటే మీకు చెప్పుకోవడానికి ఈ సంగతే ఉండేది కాదు.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల వీధి. తెల్లవారుతూనే వీధి పొడవునా కర్రలు నిలబెట్టి, చీరకు నిలువుపోగులయ్యే పడుగు నూలు సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఇద్దరు చెరో పక్కా నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరేలోగా నూలు ఆరిపోతుంది, చుట్టుకుని ఇళ్లలోకి పోతారు. అంత పొడవు చోటు ఎవరింట్లో ఉంటుంది? కానీ వీధి చివర కొత్తగా గోడౌను కట్టిన ఆసామికి మా పడుగులు లారీలకు అడ్డమయ్యాయి. ఆదోని కోర్టులో దావా వేశాడు. వీధి పోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మగ్గం లేదు. మా చిన్నాయన ఆ దిగులుతో ముద్ద కూడా సరిగా మింగేవాడు కాదు. సోమవారం వాదనలు. మా వీధి తరఫున వాదించే మా సీనియర్‌ను (కక్షిదారులు ఆయన్ని చాటుగా 'వాయిదా సారు' అనేవారు) నమ్ముకుంటే పుట్టి మునుగుతుందని, ఆయనకు చెప్పకుండానే ఆదివారం జడ్జిగారి ఇంటి ముందు ధర్నా అని తీర్మానం చేసేశాను.

"ఇంటి కాడికే పోతే జడ్జిసామికి కోపం రాదా పాపా?" అన్నాడు చిన్నాయన.

"మాట్లాడేది మన హక్కు చిన్నాయనా!"

"ఉత్తగా అరిస్తే ఏమొస్తాదే?" అంది అవ్వ. "మన పని ఎట్లుంటాదో ఆయప్పకు సూపించాల. ఒక పడుగు ఎత్తుకోని పోదాం పాండి."

ఆ మాట నాకు తెగ నచ్చింది. అట్టముక్కలు పట్టుకుని ధర్నా చేసేవాళ్లను చూశాం గానీ, పడుగుతో చేసిన వాళ్లెవరు? ఆదివారం తెల్లవారేసరికి కర్రలు, కుంచెలు, గంజి కుండతో సహా ట్రాలీ ఆటోలో ఆదోనిలో దిగాం. జడ్జిగారి గేటుకు అడ్డంగా తెల్లనూలు పడుగు సాచి కట్టగానే, మావాళ్లు ధర్నా సంగతి మరిచిపోయి పనిలో పడ్డారు. "మా వీధి మాకు కావాల!" అని నేనొక్కదాన్నే అరుస్తున్నాను. మూడో కేకకే గొంతు కీచుమంది.

పోలీసు జీపు వచ్చింది. "ఎవురమ్మా లీడరు?" అన్నాడు హెడ్డు కానిస్టేబులు. కుంచెలన్నీ ఒక్కసారిగా నావైపు లేచాయి. (మా వీధిలో అంత ఐకమత్యం నేను మళ్లీ చూడలేదు.)

"తీసేయండి ఇదంతా!"

"ఎట్ల తీస్తాం సార్? గంజి పచ్చిగుండాది. ఇప్పుడు సుడితే నూలంతా అట్టగట్టి పోతాది" అన్నాడు చిన్నాయన.

అప్పుడు ఆకాశం వైపు చూశాను. మబ్బు పట్టి ఉంది, నూలు ఇప్పట్లో ఆరేలా లేదు. గంజి పెట్టాక ఆరేదాకా పడుగు కదపకూడదని పుట్టినప్పటినుంచీ ఎరిగిన మాకెవరికీ, పోలీసులు వచ్చి కదలమంటారన్న ఆలోచనే రాలేదు.

ఇంతలో గేటు తెరుచుకుంది. అందరూ కుంచెలు ఆపి తలెత్తారు. నడకకు బూట్లు వేసుకున్న జడ్జిగారు పడుగును చేత్తో కిందికి అదిమి దాటడానికి కాలెత్తారు.

"దాటొద్దప్పో!" అని అరిచింది అవ్వ. "పడుగు దాటగూడదు. వంగి రా నాయనా."

ఆయన అవ్వ వైపు ఒక్క క్షణం చూసి, వంగి, పడుగు కిందినుంచి ఇవతలికి వచ్చారు. ఆయనతోపాటే వంగి సెల్యూట్ కొట్టబోయిన హెడ్డు టోపీ గంజి కుండలో పడింది.

ఇదే అదను అనుకున్నాను. "అయ్యా, మా కేసు..."

"ఆగమ్మా" అన్నారు నెమ్మదిగా. "మీరింకొక్క మాట చెప్పినా నేను ఈ కేసు వదులుకోవాలి. ఈరోజు మీరొచ్చారని మీ వైపు తీర్పు రాస్తే, రేపు అవతలివాళ్లు ఇంతకు రెండింతల మందితో వస్తారు. అప్పుడు వాళ్లవైపు రాయాలా? మీరు వచ్చిన సంగతి రేపు కోర్టులో అందరి ముందూ చెప్తాను." తర్వాత హెడ్డు వైపు తిరిగి, "నూలు ఆరేదాకా ఉండనీయండి. కేకలు మాత్రం వద్దు" అని నడకకు వెళ్లిపోయారు.

చేజేతులా వీధిని పోగొట్టాననుకున్నాను. చిన్నాయన మొహం చూడలేక గంజి కుండలోంచి టోపీ తీస్తూ కూర్చున్నాను.

సోమవారం జడ్జిగారు అన్నంత పనీ చేశారు. నిండు కోర్టులో జరిగింది చెప్పి, అభ్యంతరముంటే కేసు వేరే కోర్టుకు పంపమని రాస్తానన్నారు. అవతలి వకీలు నన్నొకసారి ఎగాదిగా చూసి, "చిన్నపిల్ల, తెలియక చేసింది. మాకు అభ్యంతరం లేదండి" అన్నాడు. నాకు మాత్రం మహా అవమానంగా తోచింది. అప్పుడు మా వాయిదా సారు లేచారు. వాయిదా అడగలేదు! పొద్దున్నే వీధిని చూసి రావడానికి కోర్టు తరఫున ఒక వకీలును కమిషనర్‌గా వేయమని అడిగారు. బయటికొచ్చాక, "సూపించాలంటే దారి ఉండాది తల్లీ, ఇంటిమీదికి పోవాల్నా?" అని నెత్తిన ఒక మొట్టికాయ వేశారు.

కమిషనరు రెండు పక్షాలనూ వెంటబెట్టుకుని తెల్లవారుజామున మా వీధికి వచ్చాడు. ఎనిమిదయ్యేసరికి వీధి ఖాళీ అవుతుందని ఆసామి కూడా కళ్లారా చూశాడు. పొద్దున ఎనిమిది దాకా పడుగులకు, ఆ తర్వాత లారీలకు అని రాజీ కుదిరింది. ఇప్పటికీ అదే నడుస్తోంది. చిన్నాయన ఆ రోజు నిండా అన్నం తిన్నాడు.

ఆ పడుగునే అవ్వ నల్లంచు తెల్లచీరగా నేసి నాకిచ్చింది. కోర్టుకు తరచూ అదే కడతాను. జడ్జిగారు గేటు తీయగానే అందరూ కుంచెలు ఆపి తలెత్తి చూశారు గదా, అక్కడ గంజి గడ్డకట్టి, కొంగులో జానెడు మేర గరుకుగా ఉంటుంది. మొన్న కాలేజీ పిల్లలు నలుగురు ఆవేశంగా నా ఆఫీసుకొచ్చి, జడ్జి ఇంటి ముందు ధర్నా చేస్తాం మేడం అన్నారు. కోర్టు ధిక్కారం మాటున్న ఆ రెండో ఖండం చదివించి, ఊళ్లో సభ పెట్టుకోండి, గొంతు పోయేదాకా అరవండి, మొదటి వరసలో నేనూ కూర్చుంటానని చెప్పి పంపాను. వాళ్లు వెళ్లాక చూసుకుంటే నా చెయ్యి కొంగు గరుకు మీదే ఉంది. కోర్టులో నోరు జారబోయినప్పుడల్లా అక్కడికే పోతుంది. అయినా, గొంతు కీచుమన్నా ఆపకుండా వీధి కోసం ఒంటరిగా అరిచిన ఆ పిల్లంటే నాకు ఈనాటికీ ముద్దే. సభలో మొదటి వరసలో కూర్చుంటానన్నది నేను కాదు, ఆ పిల్లే అయి ఉంటుంది.