రెండు గంటల క్లాసు

కరోనా కాలంలో మేం అధ్యాపకులం ఎంత కష్టపడ్డామో సభల్లో చెప్పుకుంటూ ఉంటాం. పడ్డాం, కాదనను. పాఠం వీడియో తీయాలి, నోట్సు పంపాలి, సిగ్నల్ దొరకని పిల్లలకు అదే పాఠం మళ్ళీ ఫోన్లో చెప్పాలి. నా పరిశోధన అటకెక్కింది. ఇక నా వల్ల కాక, మధ్యాహ్నం రెండు గంటల క్లాసును నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి నెత్తిన రుద్దాను. "సరే మేడమ్" అంది. నీకు వీలవుతుందా అని కూడా నేను అడగలేదు.

ఆమె ఇందుకూరుపేట మండలంలో ఒక దర్జీ కూతురు. వాళ్ళ ఊరి వెనక ఉప్పుటేరు బురదలో బతికే పురుగుల మీద ఆమె పరిశోధన. ప్రతి అమావాస్యకూ పౌర్ణమికీ, ఆటుకు నీళ్ళు బాగా వెనక్కి తగ్గినప్పుడు, ఒకే చోట బురద తీసి, సీసాలో పురుగులు చెడకుండా మందునీళ్ళు పోసి మూత బిగించాలి. రెండేళ్ళు తప్పకుండా తీస్తేనే లెక్క నిలుస్తుంది. మా తీరాన ఆ తిథుల్లో ఆటు వచ్చేది మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య. ఇదంతా ఆమెకు నేర్పినదాన్ని నేనే. క్లాసు అప్పగించేటప్పుడు మాత్రం నాకు తట్టనే లేదు.

క్లాసులు ఇంకా ఆన్‌లైన్లోనే నడుస్తుండగా ల్యాబు తెరిచారు. ఆమె తెచ్చిన పెట్టెలో ఏడు సీసాల మీద ఉర్దూ చీటీలున్నాయి.

"ఇదేంటి? తేదీ ఎక్కడ?" అని కసిరాను. తేదీ తెలియని సీసా మాకు ఉత్త బురదే. ఏడూ పోతే ఆమె పనంతా పోయినట్టే.

"మా నాయన తీసినాడు మేడమ్. ఆ టైముకి నాకు క్లాసుండె గదా" అంది తల వంచుకుని.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ అమ్మాయి నన్ను తప్పు పట్టలేదు, అడిగినదానికి జవాబు చెప్పిందంతే.

ఆమెకు ఉర్దూ చదవడం రాదు. చీటీలు చదివి చెప్పడానికి మర్నాడు వాళ్ళ నాన్నగారు వచ్చారు. లాక్‌డౌన్లో కొట్టు మూతపడితే, కూతురు చెప్పినట్టు తానే ఏట్లోకి దిగారట. ఆయనకు వచ్చింది మసీదులో నేర్చుకున్న అక్షరాలే. ఇంట్లో గోడకున్న ఉర్దూ క్యాలెండరు చూసి తేదీలు వేశారు.

"తప్పు చేసినానా అమ్మా?" అన్నారు, కూర్చోమన్నా కూర్చోకుండా.

ఆయన ఒక్కో సీసా ఎత్తి చదువుతుంటే నేను రాసుకున్నాను. పద్నాలుగు, ఇరవై ఎనిమిది, మళ్ళీ పద్నాలుగు. పంచాంగం తెచ్చి సరిచూశాం. అవి నెలవంకను బట్టి లెక్కించే తేదీలు కాబట్టి అమావాస్యలూ పౌర్ణములూ ఎక్కడివక్కడ కుదిరాయి. ఏడుకు ఏడూ పనికొచ్చాయి. మేం వేసే ఇంగ్లీషు తేదీ కన్నా అవే నయమనిపించింది. అమ్మాయి ముఖం కడుక్కొస్తానని బయటికి వెళ్ళింది.

అప్పుడు చూశాను, ఒక చీటీ మీద ఆయన చదివిన నెల రంజాన్. ఆ ఏడు అది మండు వేసవిలో పడింది.

"ఉపవాసంతో, రోజా ఉండి ఏట్లోకి దిగారా?"

"అవునమ్మా. సీసాలో మందునీళ్ళు, ఏట్లో ఉప్పునీళ్ళు. ఏదీ తాగేది కాదు గదా, ఆశ పుట్టలా" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆ మధ్యాహ్నం నేను ఇంట్లో ఫ్యాను కింద ఉన్నాను. క్షమించమని అడిగి, ఇక ఆ క్లాసు నేనే తీసుకుంటానని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"తీసుకోబాకండమ్మా. ఏటికి పోని రోజుల్లో ఇంట్లో తలుపవతల నిలబడి వింటా ఉంటా. నా బిడ్డ అంత బాగా చెప్తాదని నాకు తెలవనే తెలవదు."

ఆ ఏడాదంతా అమావాస్యకూ పౌర్ణమికీ రెండు గంటల క్లాసు నేను చెప్పాను. మిగతా రోజులు ఆమెకే వదిలేశాను, ఆయన వినాలని.