గుమ్మం దాకా చేరని తలుపు

మా జువాలజీ మాస్టారు పోయారని మంగళవారం పొద్దున బందరు నుంచి కబురొచ్చింది. అప్పటికే నేను పెడనలో బస్సెక్కి ఆయన దగ్గరికే వెళ్తున్నాను. జేబులో హైదరాబాదు ఆసుపత్రి కవరు. నా మనవరాలికి మందు పనిచేస్తుందో లేదో అందులో ఉంది, ఇంగ్లీషులో.

ఆయన నాకు బళ్ళో చెప్పిన మాస్టారు కాదు. అయిదో తరగతితో బడికి దండం పెట్టి కలంకారీ అచ్చులు పట్టుకున్నవాణ్ణి నేను. ఆయనే రిటైరయ్యాక మా షెడ్డుకొచ్చి, నల్ల గీత దాటి ఎర్రరంగు వేలెడు జరిగిన దుప్పటి ఏరుకున్నారు.

"అది తప్పు సరుకండీ, చించేసేదే."

"నీ పువ్వు జరిగితే నాకు చలేస్తుందా ఏవయ్యా?"

అలా మొదలైంది స్నేహం. రంగు పట్టడానికి కరక్కాయ కలిపిన పాలలో నానేసిన గుడ్డల వాసనకి ముక్కు మూసుకోని బందరు మనిషి ఆయనొక్కరే. ఆ వాసనకి షెడ్డులోకొచ్చిన గేదె కథ ఒకటుంది గాని, ఇవాళ చెప్పే ఓపిక లేదు.

ఓ రోజు టీ తాగుతూ నవ్వులాటకి అన్నాను. "మా మనవరాల్ని ముద్దు పెట్టుకుంటే ఉప్పుచేపేనండీ! సముద్రపు గాలి అంటుంది మా ఆవిడ." ఏడాదిగా ఇంటిల్లిపాదీ ఆ మాటకి నవ్వుతున్నాం. పిల్ల దగ్గినా గాలే అన్నాం.

మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు. "గాలే అయితే నువ్వూ ఉప్పగా ఉండాలి కదయ్యా. పిల్లని రేపే డాక్టరుకి చూపిద్దాం."

పరీక్షలయ్యాక, నోరు తిరగని ఆ జబ్బుని మా షెడ్డులోనే కూర్చుని విప్పి చెప్పారు.

"కణంలోనూ ఇలాంటి గదులే. ఒక గదిలో ప్రోటీను తయారై మడత పడుతుంది. పక్క గదిలో ముస్తాబై, చిరునామా వేయించుకుని, చిన్న సంచిలో గోడ దాకా వెళ్తుంది. ఉప్పుని దాటించే తలుపూ అలాంటి ప్రోటీనే. మీ పిల్లకి ఆ తలుపు మడత కాస్త వంకర. అది గోడకి చేరక చెమటలో ఉప్పు, ఊపిరితిత్తుల్లో జిగురు."

"వంకరది చేరినా పనిచెయ్యదు కదండీ?"

"ఎంతో కొంత చేస్తుందయ్యా, గుమ్మం దాకా చేరనిస్తే! మొదటి గదిలోనే నీలాంటివాడొకడున్నాడు. వంకర కనిపిస్తే చించేస్తాడు."

నా చేతులు ఒళ్ళో దాచుకున్నాను.

మడత సరిచేసి గుమ్మానికి చేర్చే మందులున్నాయిట. అందరికీ పనిచెయ్యవు, వంకర ఏ రకమో తేలాలి. డాక్టర్లకి ఉత్తరాలు రాసింది ఆయనే. ఏ కాయితం వచ్చినా ముందు తనలో తను చదువుకుని, కళ్ళజోడు పంచె కొసతో తుడుచుకుని, అప్పుడు చెప్పేవారు. "దాచనయ్యా. దాస్తే నీకు తెలిసిపోతుంది" అనేవారు. ఇంగ్లీషు చదివేవాళ్ళు బజారునిండా ఉన్నారు. నా మొహం చూస్తూ చెప్పేవాడు ఇంకెక్కడున్నాడు?

నేను బందరు చేరేసరికి మాస్టార్ని వరండాలో పడుకోబెట్టారు. వాళ్ళావిడ నన్ను చూసి, "కవరొచ్చిందా అన్నయ్యగారూ? నిన్న సాయంత్రం కూడా అడిగారు" అంది.

"ఇంకా రాలేదమ్మా" అన్నాను.

ఆయన మీద నేను చించేస్తానన్న దుప్పటే కప్పి ఉంది. గుండె దగ్గర గీత దాటిన ఎర్రపువ్వు. నా చెయ్యి అలవాటుకొద్దీ దాన్ని గీత లోపలికి జరపబోయింది.