పగలు పడుకునే సిస్టరమ్మ

పోయిన మంగళవారం సాయంత్రం నాలుగింటికి మా పక్కింట్లో అలారం గడియారం మోగింది. రోజూ మోగేదే. మోగీ మోగగానే ఆగిపోయేది కూడా. ఆ రోజు ఆగలేదు. కుట్టుమిషను ముందున్న నేను చెవి అటే వేసి కూర్చున్నాను. గడియారం అరిచి అరిచి తనంతట తనే ఊరుకుంది. నా దగ్గర ఉంచిన రెండో తాళంచెవితో తలుపు తీసి చూస్తే, సిస్టరమ్మ గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. తట్టితే కదల్లేదు. నిద్రలోనే పోయింది.

ఈ మాట చెబితే మా వీధి బయటివాళ్ళు "పట్టపగలు నిద్రలో పోవడమేంటి?" అంటున్నారు. వాళ్ళకు ఆమె సంగతి తెలియదు. తెలియాలనే ఇది రాస్తున్నాను. నేను జాకెట్లు కుట్టి బతికే మనిషిని. వాక్యాలు ఎక్కడైనా బిగుతైతే మీరే కాస్త వదులు చేసుకుని చదువుకోండి.

ఆమె దవాఖానాలో నర్సు. దుమ్ముగూడెం దిక్కు, గోదావరి పక్కన చేసిన నౌకరీ. పిల్లలు లేరు. పెళ్ళైన కొత్తలోనే భర్త పోయాడు. తోటి నర్సులకు చంటిపిల్లలుంటే "మీరు ఇంటికి పోయి పిల్లల్ని చూసుకోండి, రాత్రి నేనుంట" అని వాళ్ళ నైట్ డ్యూటీలు కూడా తనే వేసుకునేది. అలా నౌకరీ అంతా రాత్రుళ్ళే అయిపోయింది. రిటైరై, ఖమ్మంలో మా పక్కన రెండు గదుల ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం ప్రార్థనకు పిలిచి, పాయసం పెడుతూ నాతో అన్న మొదటి మాట నాకింకా గుర్తే.

"ఈ ఇల్లు నేను బతకనీకి కట్టలే బిడ్డా. పండనీకి కట్టిన."

తీరా చూస్తే నిద్ర ఎప్పుడొస్తుంది? పగలే వస్తుంది. అన్నేళ్ళ అలవాటు ఆమె ఒంటికి పట్టేసింది. రాత్రి కన్ను మూతపడదు, పొద్దున పదయితే కన్ను తెరుచుకోదు. సాయంత్రం నాలుగింటికి లేచి పళ్ళు తోముకుంటూ మాకు గుడ్ మార్నింగ్ చెప్పేది. దీపాలు పెట్టే వేళకు ఉప్మా తినేది. అర్ధరాత్రి అన్నం వండుకునేది. అదైనా పప్పో చారో కాదు, ఎండుచేపలు. మా వీధిలో అందరి కలల్లోకీ ఆ వాసన వచ్చేది. మా ఆయనైతే నిద్రలోనే లొట్టలేసేవాడు.

ఆదివారం చర్చి పదింటికి. సరిగ్గా ఆమె పడుకునే వేళ. పాట అయ్యేదాకా బానే నిలబడి, ప్రసంగం మొదలుకాగానే తల వాల్చేసేది. పాస్టరుగారు ఒకసారి నొచ్చుకున్నారట. "అయ్యగారూ, వారం మొత్తంల నాకు సప్పుడు లేకుంట నిద్రపట్టేది మీ దగ్గర్నే. మీరు ఆపకుండ్రి" అందిట. ఆయన పాపం, మెచ్చుకోలో తిట్టో తేల్చుకోలేక, మింగలేక కక్కలేక ఊరుకున్నారు.

ఇంక మా కష్టాలు చెబుతాను. లోకంలో ఎవరైనా రాత్రి గోల చేయొద్దంటారు. ఈమె పగలు గోల చేయొద్దనేది! మిర్చి సీజనులో మార్కెట్ యార్డుకు పోయే లారీలు అడ్డదారని మా వీధిలోకి వచ్చి హారన్ కొడితే, నైటీ మీద తువ్వాలు కప్పుకుని, సగం కళ్ళు మూసుకునే రోడ్డు మధ్యన నిలబడేది. గ్యాసు బండలు దించేవాడు మా వీధిలో మాత్రం పసిపిల్లను దించినట్టు దించేవాడు. నేను మిషనుకు కొత్తగా మోటారు బిగించుకున్న రోజు గోడ మీంచి తల పెట్టింది.

"ఏమే, మోటారెందుకు? కాళ్ళు లేవా?"

"పని జల్దీ అయితది సిస్టరమ్మా."

"జల్దీ చేసి ఏం జేస్తవ్? కాళ్ళతోటి తొక్కు, ఒళ్ళు తగ్గుతది."

ఒళ్ళుమండి మోటారు ఇంకా గట్టిగా తిప్పాను. అవును, నాకు కోపం ఎక్కువ. కానీ ఆ వారమే మా చిన్నదానికి జ్వరం ఎక్కి ఒళ్ళు కాలిపోయింది. ఊరంతా పడుకుంది. ఎవరి తలుపు కొట్టను? ఆమె తలుపు ఒక్కసారి తట్టానో లేదో తెరుచుకుంది. మూతి ముడవలేదు, మోటారు మాట ఎత్తలేదు. తెల్లారేదాకా పిల్ల నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. ఆ మర్నాడు పదింటికి మోటారు బెల్టు నేనే తీసేశాను. నాలుగయ్యేదాకా కాళ్ళతోనే తొక్కాను.

ఇలా ఉండగా, ఎదురుగా ఉన్న పెంకుటిళ్ళు పడగొట్టి అపార్టుమెంటు మొదలుపెట్టారు. బిల్డరుది మధిర వైపు. మాట తియ్యగా ఉంటుంది, పని మాత్రం కంకర మిషనుతో. పొద్దున తొమ్మిదికి మొదలైతే సాయంత్రం ఆరుదాకా గరగరా గరగరా. మా గిన్నెలు అలమారలో వాటంతట అవే పక్కకు జరిగేవి. సిస్టరమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది, తలకు దుప్పటి చుట్టుకుంది, మంచం వంటింట్లోకి లాక్కుంది. ఏం లాభం? నెల తిరిగేసరికి మనిషి సగమైంది. కళ్ళ కింద నలుపు. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకునేది. నాకు చూస్తే భయమేసేది.

బిల్డరు ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. ఒకరోజు పళ్ళు పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, మీకిక్కడ ఇబ్బందిగా ఉంది కదండీ. ఈ ఇల్లు నాకిచ్చేయండి. పార్కింగుకు నాకూ స్థలం చాలట్లేదు. మీరు హాయిగా ఎక్కడైనా చూసుకోవచ్చు."

ఆమెకు పోవడానికి ఒకటే చోటుంది. మధిరలో చెల్లెలి ఇల్లు. అది రైలుపట్టాల పక్కన!

పోలీస్ స్టేషనుకు పోదామని నన్ను వెంటబెట్టుకుంది. ఎస్సై మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"రాత్రి పది దాటినంక సప్పుడు చేస్తున్నరా అమ్మా? చెప్పు, ఇప్పుడే లోపలేస్త."

"రాత్రి ఎంతన్న చేస్కోమను సారూ. నేను లేచే ఉంట. పొద్దున పదిటి నుంచి నాలుగు దాక బంద్ పెట్టియ్యి."

ఎస్సై టోపీ తీసి బల్లమీద పెట్టాడు. నా దిక్కు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు దిక్కు చూశాను. "అమ్మా, పగలు పని చేసుడు నేరం కాదు" అన్నాడు చివరికి. ఇంటికొచ్చాం. గేటు దగ్గర ఆగి, "అమ్మేస్త బిడ్డా. నాతోటి కాదు" అంది. నాకు ఏడుపొచ్చింది.

అయితే ఆమె అంత తేలిగ్గా వదిలే మనిషా! మర్నాడే బిల్డరు దగ్గరకు పోయి కూర్చుంది. అసలే ఖమ్మం ఎండలు. నీ కూలీలకు వడదెబ్బ తగులుతుంది, ఒకరు పడిపోతే నీ పని ఆగిపోతుంది, స్లాబు రాత్రిపూట వేసుకో, కాంక్రీటు కూడా చల్లగా ఆరుతుంది అని నర్సు గొంతుతో భయపెట్టింది. ఆయన ఆలోచించి ఆలోచించి, సరేనన్నాడు. వీధిలో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు ఇద్దరూ.

ఆ రాత్రి ఏం జరిగిందో వివరంగా చెప్పే ఓపిక నాకు ఇప్పటికీ లేదు. దీపాలు పెట్టే వేళకు మొదలైన కంకర మిషను కోడి కూసేదాకా ఆగలేదు. ఇంటర్ పరీక్షల పిల్లలు పుస్తకాలు విసిరికొట్టారు. సిస్టరమ్మ మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని, కూలీలకు టీ పెట్టిస్తూ, పెళ్ళివారింట్లో పెద్దమ్మలా కళకళలాడింది.

తెల్లారి వీధి వీధంతా ఆమె గేటు ముందు చేరింది. కళ్ళు ఎర్రగా, జుట్లు రేగిపోయి, అందరం ఒకటే అరుపులు. ముందు నేనే ఉన్నాను, దాచడమెందుకు. లోపల్నుంచి చప్పుడు లేదు. పదయింది కదా, ఆమె హాయిగా పడుకుంది! ఎంత అరిచినా లేవలేదు. ఎట్టకేలకు తలుపు తీసి, జడ ముడేసుకుంటూ మమ్మల్ని అందర్నీ ఎగాదిగా చూసింది.

"ఏందే, ఏమైంది మీకందరికి?"

"రాత్రంతా నిద్ర లేదు సిస్టరమ్మా! తల పగిలిపోతుంది!" అన్నాను.

"ఒక్క రాత్రికే?"

అంతే అంది. కోపంగా కూడా కాదు, రోగిని అడిగినట్టు అడిగింది.

అప్పుడు మాట్లాడినవాడు మా వీధి చివర టెంట్ హౌస్ సాహెబుగారు. షామియానాలు, కుర్చీలు, మైకుసెట్లు కిరాయికిస్తాడు. ఆయన వ్యాపారమే చప్పుడు. రాత్రి పెళ్ళి బరాత్‌లకు మైకు పెడితే తిట్టని మనిషి ఈ వీధిలో ఆమె ఒక్కతే కాబట్టి మొదటినుంచీ ఆమెంటే ఆయనకు అభిమానం. కానీ ఆ రోజు ఆయన అన్న మాట అందుకు కాదు.

"మా అమ్మీ మంచం పట్టినప్పుడు రోజు రాత్రి ఈమెనే వచ్చి సూది ఇచ్చింది. మీ ఇండ్లల్ల ఎవరికి జ్వరమొచ్చినా రాత్రి ఎవరి తలుపు కొట్టిన్రు? రాత్రంతా మన కోసం మేలుకుంటది. పగలు ఆమె కోసం మనం నోరు మూసుకుంటే ఏం పోతది?"

నాకు సిగ్గేసింది, అదే సమయంలో ఎందుకో సంతోషమూ వేసింది. అందరం సిస్టరమ్మను వెంటబెట్టుకుని నేరుగా బిల్డరు ఆఫీసుకు పోయి, రాత్రి పని వద్దు, పగలు పది నుంచి నాలుగు దాకా మిషను ఆపమన్నాం.

"పగలంతా పని ఆపితే నేను మునిగిపోతానండీ" అని చేతులు జోడించాడు ఆయన.

"ఆపకు భాయ్" అన్నాడు సాహెబుగారు నెమ్మదిగా. "నీ ఫ్లాట్లు చూడనీకి గిరాకీలు ఎప్పుడొస్తరు?"

"పొద్దున పదకొండు, పన్నెండుకండీ."

"మంచిది. రేపటి సంది నీ ఆఫీసు ముందర నేను టెంటు వేస్త. నా దగ్గర పాత మైకు ఒకటున్నది. అది పాడదు, కూస్తది. పదకొండుకు మొదలుపెడ్త. కిరాయి కూడ అడగ."

బిల్డరు ముఖంలో రంగులు మారాయి. అప్పుడు మొదలైంది బేరం. సిస్టరమ్మ నాలుగంది, ఆయన పన్నెండన్నాడు. ఆమె మూడంది, ఆయన ఒంటిగంటన్నాడు. కూరగాయల బండి దగ్గర కూడా అంత బేరం నేను చూడలేదు. చివరికి రెండు దగ్గర తెగింది. పది నుంచి రెండు దాకా కంకర మిషను తిరగదు, ఆ వేళలో ఇటుక పని చేసుకోవాలి. బయటికొచ్చాక "రెండు దాక సరిపోతదా?" అని అడిగాను.

"రెండు దాక వచ్చేది చిక్కటి నిద్ర బిడ్డా. ఆ తర్వాతది మజ్జిగ" అంది.

అపార్టుమెంటు పూర్తయ్యాక మిగతా రెండు గంటలూ కూడా ఆమెకు తిరిగొచ్చాయి. ఇల్లు అమ్మలేదు. బిల్డరు కారు ఇప్పటికీ రోడ్డు మీదే పెట్టుకుంటాడు. ఆయన మొదటి ఫ్లాట్లోకి తల్లిని తీసుకొచ్చి పెట్టుకున్నాడు. ఆ ముసలావిడకు రాత్రుళ్ళు ఆయాసం వస్తే ఎవరి తలుపు కొట్టేవాడో నేను చెప్పక్కర్లేదు. పదింటికి తన డ్రైవరు హారన్ కొడితే "ఏరా, అమ్మగారు పడుకున్నారు, కళ్ళు కనపడటంలేదా?" అని ఆయనే కసిరేవాడు.

ఎన్నేళ్ళు గడిచినా నాకు ఒకటి మాత్రం అంతుపట్టలేదు. ఆమె ఏనాడూ ఎవరి మీదా కోపం మనసులో పెట్టుకునేది కాదు. పగలు తిట్టిన నోటితోనే రాత్రి "రా బిడ్డా, ఏమైంది?" అనేది. ఒకసారి అడిగితే, "కోపం పగటి పని. రాత్రి రోగులే ఉంటరు" అంది. నాకంత గొప్ప మనసు లేదు, కానీ ఆమె పక్కన ఉండి ఉండి కొంచెం మెత్తబడ్డాను. ఆ మేలు నేను మరిచిపోను.

బుధవారం పొద్దున అంత్యక్రియలు. సాహెబుగారే ఐసుపెట్టె తెచ్చాడు, షామియానా వేశాడు, మైకు మాత్రం తేలేదు. ముందుగదిలో ఆమెను పడుకోబెట్టాం. పది దాటాక మధిర నుంచి చెల్లెలు ఆటో దిగింది. దిగుతూనే గుండెలు బాదుకుంటూ "అక్కా!" అని గొంతెత్తింది. గేటు దగ్గర నిలబడ్డ సాహెబుగారు గబగబా ఎదురుపోయాడు. ఆయన గడ్డమంతా కన్నీళ్ళతో తడిసి ఉంది. పెదవుల మీద వేలు పెట్టి అన్నాడు:

"మెల్లగమ్మా, మెల్లగ... పదైంది. సిస్టరమ్మ పండుకునే టైము."

చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది. వెనకాల వస్తున్నవాళ్ళంతా అక్కడే ఆగిపోయారు. చెప్పులు టపటపమంటాయని ఒక్కొక్కరే విప్పి చేతిలో పట్టుకున్నారు. బిల్డరు కూడా వంగి బూట్లు విప్పుకుని, వాటిని గుండెకు ఆనించి పట్టుకుని, మునివేళ్ళ మీద లోపలికి నడిచాడు.