దొండపాదుకి ఇనప పందిరి

జీవితమంతా ఇనుముతో బతికిన మనిషి చేతికి తీగని అప్పగించకూడదు. మా ఆయన దుర్గ్ పక్కన ఈ హిందీ ఊళ్లో ఉన్న ఉక్కు కర్మాగారంలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా దూలాలు, రేకులు, పట్టాలు. చెప్పినట్టు వంగితే సరే, లేకపోతే కాల్చి వంచడమే. ఇంట్లో నన్నూ ఆ లెక్కలోనే చూశారని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

సెక్టర్ 6లో మాకు కంపెనీ క్వార్టరు ఉండేది. కింద అంతస్తు, వెనకాల చిన్న పెరడు. షిఫ్టుల గోలలో ఆయన ఆ పెరడు వైపు కన్నెత్తి చూసేవారు కారు. అది దాని అదృష్టం. బీర, పొట్ల, చిక్కుడు, దొండ అన్నీ అక్కడే పెంచాను. అన్నిటిలోకీ మొండిది దొండ. ఎండాకాలం మోడైపోయేది, చచ్చిందనుకునేలోగా తొలకరికి మళ్లీ చిగురేసేది. దొండకాయ తింటే బుర్ర మందగిస్తుందని మా అత్తగారు అంటూండేవారు. ఆవిడ కొడుకు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ క్యారియర్‌లో దొండకాయ వేపుడే పట్టుకెళ్లారు. అంతకుమించి నేనేమీ అనను.

నాది చలవ చెయ్యి, నాటిందల్లా బతుకుతుందని మా వీధిలో పేరు. విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే చాలా ఉండేవి మా చుట్టూ. ఎవరింట్లో పాదు పెట్టినా మొదటి గింజ నాచేత వేయించేవారు. "ఓసారొచ్చి చెయ్యేసి వెళ్లండమ్మా" అని పిలిచేవారు. నేను చదువుకున్న డిగ్రీ గురించి ఎవరూ అడగలేదు, వంట గురించీ గొప్పగా అనలేదు. నాకున్న పేరల్లా ఈ చెయ్యే.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి మూడో అంతస్తులో ప్రైవేటు ఫ్లాటు కొనుక్కున్నాం. గోడల రంగు ఆయనే ఎంచారు. వంటగట్టు ఎత్తు ఆయనే నిర్ణయించారు, వంట చేసేది ఆయన కాకపోయినా. పోపుడబ్బా ఎక్కడుండాలో కూడా టేపు పెట్టి కొలిచి చెప్పారు. నేను దేనికీ కాదనలేదు. సామాను లారీకి ఎక్కిస్తున్న రోజు మాత్రం ఒక్కటి అడిగాను.

"బాల్కనీ నాకొదిలీండి. అక్కడ మాత్రం మీరు చెయ్యి పెట్టొద్దు."

"తీసుకోవే. నాకేటి పని అక్కడ? అది నీదే."

ఆ మాట నేను భద్రంగా దాచుకున్నాను. లారీ కదిలే ముందు పెరట్లోకి వెళ్లి దొండపాదు నుంచి ముదురు ముక్కలు కోసి, తడిగుడ్డలో చుట్టి, నా చేతిసంచిలో పెట్టుకున్నాను.

ఫ్లాటు బాల్కనీ పడమటి ముఖం. వేసవి మధ్యాహ్నం అక్కడ చెప్పుల్లేకుండా నిలబడలేం. పైగా గాలి ఇటు తిరిగితే ప్లాంటు వైపు నుంచి ఎర్రటి దుమ్ము వచ్చి ఆకుల మీద పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడుచుకోవాలి. నర్సరీవాడికి ఇవేవీ అక్కర్లేదు. "ఆంటీజీ, యే లీజియే, బిల్‌కుల్ ఈజీ హై" అంటూ అంటగట్టబోయిన మొక్కల్లో సగం మా ఎండకి వారం కూడా బతకవు. పెద్ద తొట్టెలో ఉన్న బోగన్‌విలియా చూపించాడు. ఆ ఇరుకులో బట్టలు ఆరేయడానికి వెళ్లిన ప్రతిసారీ నా చీర దాని ముళ్లకి అప్పగించాలా? రాధామనోహరం నాకు ఇష్టమే గానీ దాని వేళ్లకి డ్రమ్ము కావాలి. మనీప్లాంటు దొంగిలించి తెస్తేనే పెరుగుతుందట. దొంగసొత్తు మీద బతికే తీగ నాకక్కర్లేదని చెప్పి వచ్చేశాను.

చివరికి నాకు తెలిసినవాటినే నమ్ముకున్నాను. ఓ తొట్టెలో నానబెట్టిన శంఖుపూల గింజలు వేశాను. తీగబచ్చలికి పాత ప్లాస్టిక్ టబ్బు సరిపోయింది. రెయిలింగు అంచున ఎండ నేరుగా పడేచోట నాచుపూలు, కలబంద. నీళ్లు మర్చిపోయినా అవి అలగవు. పుదీనా నీడ అడుగుతుంది కాబట్టి వాషింగ్ మెషీన్ పక్కన పెట్టాను. దొండకి మాత్రం అన్నిటికంటే పెద్ద పెయింటు బకెట్టు ఇచ్చాను. మేకు కాల్చి అడుగున కన్నాలు పొడిచి, కొబ్బరిపీచు పరిచి, మట్టీ పేడ ఎరువూ కలిపి నింపాను. రెయిలింగు నుంచి పైన కొక్కేనికి కొబ్బరితాళ్లు కట్టాను. పది రోజులు తిరక్కుండానే నులితీగలు ఆ తాళ్లని చుట్టుకున్నాయి. పొద్దున్నే కాఫీ గ్లాసుతో అక్కడ కూర్చుంటే, ఈ ఇంట్లో నాకూ ఓ చోటుందనిపించేది.

ఇంట్లో పొద్దుపోని మా ఆయనకి ఆ తాళ్లు కనబడ్డాయి.

"ఇదేటే, ఉరితాళ్లలాగ? ఇవేటి లోడ్ తీసుకుంటాయి?"

"దొండకాయలకి లోడేటండీ? గాలొస్తే ఊగుతాయి, అంతే."

"ఊగకూడదు. ఊగిందంటే ఫెయిలైపోతాది."

మర్నాటి నుంచి భోజనాల బల్ల మీద గ్రాఫు కాగితాలు పరుచుకున్నారు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఆయనకి తెలిసినవాళ్ల ఫ్యాక్టరీ ఒకటుంది. రోజూ స్కూటరేసుకుని అక్కడికి వెళ్లి, వెల్డింగు చేసేవాళ్ల నెత్తిన కూర్చునేవారు. నాకేం చేయిస్తున్నారో చెప్పలేదు. ఓ పొద్దున నలుగురు మనుషులు యాంగిల్ ఇనుముతో, లావుపాటి రాడ్లతో చేసిన పందిరిని మెట్ల మీదుగా మోసుకొచ్చారు. లిఫ్టులో పట్టలేదు. వెండి రంగు వేయించారు. దొండపాదు సరే, దాని మీద ఏనుగు ఎక్కినా దిగినా ఏమీ కాదు.

వాళ్లు గోడకి డ్రిల్లు పెడుతుంటే ఈయన వంటింట్లోంచి నా కత్తిపీట పక్కనున్న చాకు తీసుకెళ్లి కొబ్బరితాళ్లని టకటకా కోసేశారు. చుట్టుకున్న తీగలు తాళ్లతోపాటే కింద పడ్డాయి.

"ఏటండీ ఇది? నన్నో మాట అడగొద్దా?"

"నీ కోసమే కదే చేయించేను!"

ఈ లోకంలో నాకు పరమ అసహ్యమైన మాట ఏదైనా ఉందంటే "నీ కోసమే". లారీ ఎక్కే రోజు ఆయనన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. పరాయి మనుషుల ముందు మొగుడి పరువు తియ్యడమెందుకని మింగేశాను. ఆ మర్యాద నాకు తిరిగి రాలేదు.

ఆయన పందిరిని ఫొటో తీసి రిటైరైనవాళ్ల గ్రూపులో పెట్టారు. రోజంతా ఫోను మోగుతూనే ఉంది. నేను పడిపోయిన తీగల్లో బతికేవాటిని ఏరి ఆ రాడ్ల మీదికి ఎక్కించాను. పనికొచ్చే ముక్కొకటి కింది ఫ్లాటు ఆవిడకి ఇచ్చి, నేనే వెళ్లి నాటి వచ్చాను. ఆవిడది ఇక్కడే దుర్గ్ దగ్గర పల్లెటూరు. దొండని కుందరు అంటుంది. నేనావిణ్ని దీదీ అంటాను.

వేసవి వచ్చింది. మధ్యాహ్నం ఆ ఇనుము పెనంలా కాలేది. లేత నులితీగ వెళ్లి రాడ్డుని పట్టుకోవడం, సాయంత్రానికి నల్లగా మాడిపోవడం. మళ్లీ ఇంకోటి వెళ్లేది, అదీ మాడేది. శంఖుపూల తీగ ఒకటి రెండుసార్లు ప్రయత్నించి ఎండిపోయింది. బచ్చలి తలవంచుకుని కిందకే పాకింది.

"ఇనుం కాలిపోతంది. తాడు చుట్టనివ్వండి" అన్నాను.

"తాడు చుడితే లోపల తుప్పు పడతాది. నీ మొక్కలే వీకు."

బతికున్న తీగ మాడినా ఫరవాలేదు, ఇనుముకి తుప్పు పట్టకూడదు. అదీ వరస.

ఆ రోజుల్లోనే ఆయన పాత సహోద్యోగులు ఇద్దరు భార్యలతో టీకి వచ్చారు. పందిరి చూపించడానికే పిలిచారు. అందరూ బాల్కనీలో నిలబడి రాడ్లు తట్టి చూశారు. ఒకావిడ "మరి పాదులేవండీ?" అని అడిగింది. ఈయన నవ్వుతూ అన్నారు:

"నేనేటి చేస్తాను? స్ట్రక్చర్ నాది, మొక్కలు ఆవిడవి. ఇక్కడికొచ్చేక ఆవిడది వేడి చెయ్యి అయిపోనాది."

ఆ ఆడవాళ్లిద్దరూ ఒకప్పుడు సెక్టర్ 6లో నాచేత గింజలు వేయించుకున్నవాళ్లే. ఇద్దరూ నా చేతుల వంక చూశారు. నేను బిస్కెట్ల పళ్లెం పట్టుకుని ఉన్నాను. అది ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. నాకు కన్నీళ్లు రాలేదు, ఒళ్లు మండింది. మాట ఊరికే పోలేదు. తరవాతి వారం వాళ్లలో ఒకావిడ మేడ మీద పాదులు పెట్టుకుంటూ ఇంకెవరినో పిలిచిందని విన్నాను.

ఈలోగా కింద దీదీ ఇంట్లో నేను నాటిన ముక్క కిటికీ ఊచలకి కట్టిన సుతిలి తాడు పట్టుకుని గుబురుగా అల్లుకుంది. అది తూర్పు వైపు కిటికీ. ఓ రోజు గిన్నెలో కూర తెచ్చి, "భాభీ, ఆప్ కా హీ కుందరు హై", మీ దొండకాయే అని ఇచ్చి వెళ్లింది. ఈయన రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నారు.

"చూడు, ఆవిడ చెయ్యెంత చలవో!"

"అది నా తీగే. నా చేత్తో నాటినదే."

గిన్నె అడుగు ఊడ్చుకుంటూ, "అయితే వాళ్ల మట్టి మంచిదన్నమాట" అన్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, సొంత ఇంటి కూరని కూడా పొరుగింటిది చేసుకుని తినడం మా ఆయనకే చెల్లింది.

వానలు పడ్డాయి. ఇనుము చల్లబడింది. మోడైన దొండ మొదలు నుంచి చిగుర్లు తోసుకొచ్చాయి. ఇక దాన్ని ఆపేదెవరు? శ్రావణం వచ్చేసరికి పందిరంతా అల్లుకుపోయింది, రాడ్డు కనబడకుండా. తెల్లటి పూలు, ఆకుల కింద పచ్చటి పిందెలు. పొద్దున్నే వెళ్లి వాటిని వేళ్లతో తాకి చూసేదాన్ని. వేడి చెయ్యట!

ఈయన మళ్లీ వాళ్లనే టీకి పిలిచారు. నేను సంతోషించాను కూడా. వాళ్లు కళ్లతో చూస్తారు, నా పేరు నాకొస్తుంది అనుకున్నాను. పకోడీలు వేశాను.

టీ పళ్లెంతో వెళ్లేసరికి ఈయన బాల్కనీ మధ్యలో నిలబడి ఉన్నారు. "చూసేరా? అప్పుడే చెప్పేను, బేస్ గట్టిగా ఉంటే అదే వస్తాది అని" అంటున్నారు. నన్ను కాదని ఇంకొకరిని పిలుచుకున్న ఆవిడ ఆకులు నిమురుతూ, "అన్నయ్యగారూ, చలవ చెయ్యంటే మీదేనండీ. మా ఇంటికొచ్చి ఓ గింజ వేసి వెళ్దురూ" అంది.

"దానికేటమ్మా, తప్పకుండా వస్తాను" అన్నారు మా ఆయన.

పళ్లెం వాషింగ్ మెషీన్ మీద పెట్టాను. మొక్కల కత్తెర దాని వెనకాలే ఉంటుంది. దొండ మొదలు దగ్గర కూర్చుని, జానెడు వదిలి, పైనున్న ప్రతి తీగనీ కోసేశాను. లేచి రెండు చేతులతో పందిరి మీంచి లాగాను. పూలతో, పిందెలతో కలిపి మొత్తం నేల మీదికి దిగింది. వెండి రంగు రాడ్లు బయటపడ్డాయి.

"ఇప్పుడు చూపించండి, మీ పందిరి" అన్నాను.

వాళ్లు టీ తాగకుండానే వెళ్లిపోయారు. తలుపేసి ఈయన నా ముందుకొచ్చి నిలబడ్డారు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ మొహంలో.

"నీకు మతి పోయిందేటే? కాసే పాదుని కోసీసేవు!"

"బాల్కనీ నాదని మీరే అన్నారు. క్వార్టరు ఖాళీ చేసిన రోజు, లారీ దగ్గర."

ఆయన కనుబొమలు ముడేసి ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు.

"నేనెప్పుడన్నాను?"

అబద్ధమాడి ఉంటే ఎప్పటికో క్షమించేదాన్ని. ఆయనకి నిజంగానే గుర్తులేదు.

కింద పడ్డ తీగలోంచి ముదురు ముక్కలు ఏరుకున్నాను. బకెట్టుని ఆ ఇనుముకి దూరంగా, అవతలి మూలకి ఈడ్చి, కొత్త కొబ్బరితాడు కట్టాను. పందిరి ఇంకా అక్కడే ఉంది. గోడకి అంత గట్టిగా బిగించారు మరి. దాని మీద నా బట్టలు ఆరేసుకుంటున్నాను. ఆయన బట్టలు ఆయనే ఎక్కడో ఆరేసుకుంటారు, నేను అడగలేదు.