తెర మీది పసుపు చీటీ

హిందీ టైపింగ్ పని ఇంటి దగ్గర చేసుకోవడానికి మా అమ్మాయి కంప్యూటర్ తెచ్చి, మా రైల్వే క్వార్టర్ ముందుగదిలో పెట్టింది. తొంభైల చివరి మాట ఇది. దాని తెర మీద రెండు చిన్న వస్తువులు ఎప్పుడూ ఉండేవి. ఒక మూల గడియారం, దాని కింద పసుపు చీటీ. గడియారం ఇరవై నాలుగు గంటల లెక్కలో నడిచేది. రైల్వే వాళ్ళం కదా, మా ఇంట్లో మధ్యాహ్నం మూడని ఎవరూ అనరు, పదిహేను అంటారు. చీటీ మీద అమ్మాయి చేయాల్సిన పనులు మీటలు కొట్టి రాసుకుని, అయ్యాక చెరిపేసేది.

అప్పటికి నేను అక్షరాలు దిద్దడం మొదలుపెట్టి ఏడాది కాలేదు. మా ఊళ్ళోనే మంగ్లా అనే పేటలో ఆడవాళ్ళకు పెట్టిన సాక్షరతా తరగతికి వెళ్ళేదాన్ని. మేముండేది హిందీ మాట్లాడే ఊరు కాబట్టి అక్కడ నేర్పింది హిందీ అక్షరాలే. తెలుగు లిపి చాలా తర్వాత నా చేతికొచ్చింది. మా ఆయన గూడ్సు గార్డు. నా చదువును ఆయన ఆడవాళ్ళ కబుర్ల కింద జమకట్టారు. సంతకం వస్తే సాల్దేటి అనేవారు. నేను రాసిన ఒక్క ముక్కయినా ఆయన చదవాలని నాకు లోలోపల ఉండేది. నోటుపుస్తకం పట్టుకెళ్ళి చూపించడానికి మాత్రం సిగ్గు.

మా తరగతికి పరీక్ష పెట్టిన రోజున ఆయన డ్యూటీ దిగి పదిహేడు ప్రాంతంలో ఇంటికి రావాలి. అమ్మాయి నేనడిగినట్టే కంప్యూటర్ ఆపకుండా బయటికి వెళ్ళింది. ఒక్కొక్క మీట వెతుక్కుంటూ, మన మాటలనే హిందీ అక్షరాల్లో ఆ చీటీ మీద పేర్చాను: ‘పరీక్షకెల్తున్నాను. అన్నం గిన్నెలో ఉంది. పద్దెనిమిదికొస్తాను.’ ఈ మూడు ముక్కలకు గంట పట్టింది. గోడకు తగిలించిన పలక మీద రాసినట్టే అనుకున్నాను. గదిలోకి రాగానే కనబడుతుంది కదా అని తాళం వేసి వెళ్ళాను. రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

తిరిగొచ్చేసరికి ఆయన యూనిఫాం కూడా విప్పకుండా కూర్చుని ఉన్నారు. అన్నం ముట్టలేదు. చుట్టుపక్కల క్వార్టర్లన్నీ అడిగి, మార్కెట్ దాకా వెతికి వచ్చారట.

“ఒక్క మాట సెప్పీసి ఎల్లొచ్చు గదేటి?”

“రాసి పెట్టినాను.”

“ఎక్కడ?”

తెర వైపు చూపించాను. నల్లగా ఉంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే అది తనంతట తానే ఆరిపోతుందని నాకు తెలియదు. అమ్మాయి కూర్చుని పనిచేస్తుండగా ఎప్పుడూ ఆరలేదు మరి.

“అచ్ఛా, ఈ నల్లద్దం మీద రాసినావా” అని నవ్వారు. కోపం ముదిరితే ఆయనకు అలాంటి నవ్వే వస్తుంది.

ఏం చేయాలో తోచక మౌసు కదిపాను. తెర వెలిగింది. చీటీ ఎక్కడిదక్కడే ఉంది.

ఆయన వంగి, పెదవులు కదుపుతూ చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు.

“పిల్ల రాసిందా?”

కుర్చీలో కూర్చుని, కింది వరుసలో ‘నానే రాసినాను’ అని ఒక్కొక్క అక్షరమే కొట్టాను. ఒకటి రెండుసార్లు తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టాను. ఆయన ఒకసారి నా చేతుల వైపు, ఒకసారి తెర వైపు చూస్తూ ఉండిపోయారు.

“రేపు నా డ్యూటీ సున్నా ఆరుకి” అన్నారు చివరికి. “అదీ రాయి.”

డ్యూటీలోని డ ఏ మీట మీద ఉందో ఎంతకీ దొరకలేదు. నాకోసం ఎన్నడూ ఆగని మనిషి, నేను వెతికినంతసేపూ కుర్చీ వెనకే నిలబడ్డారు.