తేలిక ప్రశ్నల కోసం తప్పు జవాబులు

2023 వేసవి. పలాసలో ఒక మందుల దుకాణం మేడ మీద ఉండేది మా కోచింగ్ సెంటర్. విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు అక్కడి లైసెన్స్ కోసం రాయాల్సిన పరీక్షకు మేము తయారు చేసేవాళ్ళం. కిటికీ తెరిస్తే జీడిపిక్కలు కాల్చిన పొగ వాసన, మూస్తే ఉక్క. మధ్యాహ్నాల్లో ఈ రెండింట్లో ఏది భరించాలన్నదే మా పెద్ద చర్చ. ఇప్పుడా గదుల్లో చీరలు అమ్ముతున్నారు. టెక్కలి బస్సులో అటుగా వెళ్ళినప్పుడల్లా ఆ కిటికీ వైపే చూస్తాను.

నేను పాఠాలు చెప్పేదాన్ని కాదు. నలుగురి ముందు నిలబడితే నాకు గొంతు పెగలదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివానని మాక్ టెస్టులు, అంటే అసలు పరీక్షకు ముందు రాయించే నమూనా పరీక్షలు, నాకు అప్పగించారు. వాటి రిపోర్టులు చూసి, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. ఒక్కరితో అయితే నేను బాగానే మాట్లాడతాను.

ఆ పరీక్షను కంప్యూటర్ అడాప్టివ్ టెస్ట్ అంటారు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఉండదు. జవాబు ఒప్పయితే తరవాత కాస్త కష్టమైన ప్రశ్న వస్తుంది, తప్పయితే కాస్త తేలికైనది. ప్రతి జవాబుతోనూ కంప్యూటర్ మన స్థాయిని మళ్ళీ అంచనా వేసుకుంటుంది. పాస్ గీతకు మనం పైన ఉన్నామో కింద ఉన్నామో నమ్మకం కుదిరితే పరీక్ష అక్కడితో ఆపేస్తుంది. అందుకే ఒకరికి తొందరగా ముగుస్తుంది, ఇంకొకరికి చివరిదాకా సాగుతుంది. ప్రశ్న వదిలేసి ముందుకు పోవడానికి గానీ, వెనక్కి వచ్చి దిద్దుకోవడానికి గానీ వీల్లేదు. ఎన్ని ఒప్పు చేశామన్నదాని కంటే ఎంత కష్టమైనవి ఒప్పు చేయగలుగుతున్నామన్నది ముఖ్యం.

నీలవేణి అక్కది కంచిలి దగ్గర పల్లె. పలాసలో డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సు. డ్యూటీ దిగి, యూనిఫాం మీదే మా మెట్లెక్కి వచ్చేది. నాకంటే చాలా పెద్దది అయినా నన్ను ‘మేడమ్మా’ అనేది, సగం గౌరవం, సగం ఏడిపించడం. అప్పటికే ఆ పరీక్ష ఒకసారి తప్పింది.

“ఈసారీ పోనాదంటే పుస్తకాలు అటకెక్కించీత్తాను మేడమ్మా. డ్యూటీ సేసుకొని, పిల్లని పడుకోబెట్టి, మళ్ళీ సదవడం ఇంక నా వల్ల కాదు. మా మావకీ అదే సెప్పీసాను,” అంది. మావ అంటే ఆమె భర్త.

మాక్ టెస్టుల్లో ఆమె నెమ్మదిగా పైకి వస్తూ ఉంది. పరీక్షకు కొద్ది రోజుల ముందు రాసిన మాక్‌లో మాత్రం ఒక్కసారిగా కిందికి జారిపోయింది. రిపోర్టు తెరిచి చూశాను. మొదటి జవాబులన్నీ వరసగా తప్పు. వాటిలో ఒక ప్రశ్న ఇది: నలుగురు రోగుల్లో ముందుగా ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఒకరు డయాలసిస్ మధ్యలో చెమటలు పట్టి, బీపీ పడిపోతున్న మనిషి. నీలవేణి అక్క అతన్ని వదిలేసి, డిశ్చార్జి కాగితాల కోసం ఎదురుచూస్తున్న ఆయన్ని ఎంచుకుంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. అది ఆమె రోజూ చేసే పని.

“అక్కా, ఇది తెలిసే తప్పు పెట్టినావా?” అని అడిగాను.

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “ఎవలికీ సెప్పకు మేడమ్మా. నా యెనక సీట్లో పిల్ల సెప్పింది. ముందు కొన్ని తప్పులు పెట్టీసేమంటే కంప్యూటరు మనల్ని మొద్దు అనుకుంటాదట. ఇంక సుళువైనవే ఇత్తాదట.”

“ఇచ్చిందా?”

“ఇచ్చింది! పరీచ్చంటే ఇలాగుండాల అనుకున్నాను. ఆఖర్లో మళ్ళీ కట్టమైనవి వచ్చీసేయి. మరి ఫెయిలని సూపింతాదేటి?”

తేలికవి ఒప్పు చేస్తే కంప్యూటర్ మళ్ళీ పైకే తీసుకెళ్తుందని, కింద నుంచి ఎక్కి రావడానికే పరీక్ష కాస్తా అయిపోతుందని చెప్పాను. ఆమె తల ఊపింది గానీ మొహంలో అర్థమైన వెలుగు లేదు. కిటికీలోంచి వాసన గుప్పుమంది.

“జీడిపప్పు కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి చూస్తాడు కదక్కా. రెండు మూడు గుప్పెళ్ళూ ఒకేలాగుంటే ఏం చేస్తాడు?”

“మూతి కట్టీమంటాడు. సరుకేటో తెలిసిపోనాది కదా.”

“మంచిదో నాసిరకమో తేలకపోతే?”

“ఇంకో గుప్పెడు తీత్తాడు.”

“ఈ పరీక్షా అంతే. ఇప్పుడు నువ్వేం చేసినావంటే, మంచి పప్పు బస్తా మీద నువ్వే ముక్కలు పోసినావు.”

ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “ఓలమ్మో! మోసం సేసినోలైనా ముక్కలు అడుక్కేసి పప్పు మీదేత్తారు. నాను తిరగేసి పోసుకున్నానేటి!” పక్క గదిలోని పిల్లలు తొంగిచూసేంతగా నవ్వింది. చాలాసేపటికి నవ్వు ఆగాక, అసలు సంగతి చెప్పింది. మొదటిసారి పరీక్షలో కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడల్లా, ‘అయిపోనాది, ఓడిపోతన్నాను’ అనుకునేదట.

“కష్టమైనది వచ్చిందంటే ముందుది ఒప్పయ్యుండొచ్చక్కా. అయినా అది లెక్క కట్టకు. యూనిట్‌లో ఒక మంచం దగ్గరున్నప్పుడు పక్క మంచం గురించి ఆలోచిస్తావా?”

“ఆలోసిత్తే ఈ మంచం మీదోడు పోతాడు.”

“అదీ సంగతి.”

పరీక్ష హైదరాబాద్‌లో. ఆ రోజు ఆమె ఫోన్ నేను అనుకున్న దానికంటే చాలా ముందే వచ్చింది. రోడ్డు మీద హారన్లు, వెనక ఆమె భర్త ‘నీళ్ళు తాగే’ అని బతిమాలుతున్న గొంతు.

“సెల్లీ, మధ్యలోనే ఆగిపోనాది.” మొదటిసారి నన్ను చెల్లీ అంది. “ఒక్కటీ సుళువుగా రాలేదు. ఏదీ తెలిసినట్టు లేదు. పుస్తకాలు కట్టీయమని మావకి సెప్పీసాను.”

తొందరగా ఆగడం రెండు విధాలుగానూ జరుగుతుంది. బాగా పైన ఉన్నా ఆపేస్తుంది, బాగా కింద ఉన్నా ఆపేస్తుంది. ధైర్యం చెప్పాలని ఉన్నా అబద్ధం చెప్పలేను. “ప్రతి ప్రశ్నా ఆ మంచం దగ్గరే నిలబడి చేసినావా?” అన్నాను.

“సేసాను,” అంది.

“అయితే పుస్తకాలు ఇప్పుడే కట్టకక్కా.”

కొన్ని రోజుల తరవాత ఆమె యూనిఫాం మీదే మెట్లెక్కి వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టింది. పాస్. యూనిఫాంకు చీర కొంగు లేదు కదా, నా చున్నీతోనే కళ్ళు తుడుచుకుంది.

ఆ తరవాత రిపోర్టులు చదివే నా పద్ధతి మారింది. తప్పు ఎక్కడుందో కాగితం చెబుతుంది, ఎందుకు తప్పిందో మాత్రం మనిషినే అడగాలి. ఆ మనిషి రోజంతా ఏ పని చేసి వచ్చిందో తెలిస్తే తప్ప ఆ అడగడం కూడా రాదు. ఆమె డయాలసిస్ నర్సని నాకు తెలియకపోతే, ఆ తప్పు నాకు మామూలు తప్పుగానే కనిపించేది.

ఇంకొకటి కూడా ఆమే నేర్పింది. వెళ్ళేముందు మెట్ల మీద ఆగి అంది: “కట్టమైన ప్రశ్న వచ్చినప్పుడల్లా నిన్ను తిట్టుకున్నాను సెల్లీ. ఎంత ఎక్కువ తిట్టుకుంటే అంత బాగా రాత్తన్నానని తెలీలేదు.”

ఇప్పటికీ పని మరీ కష్టంగా ఉన్న రోజున నీలవేణి అక్కను తలుచుకుని, ఎవరినో ఒకరిని కాస్త తిట్టుకుని, తరవాతి ప్రశ్నకు వెళ్తాను.